ముఖం అరిగినా పేరు దొరుకుతుంది: రోమన్ కంచు నాణేలను గుర్తుపట్టడం

అరచేతిలో పెట్టుకుంటే మన పాత వెండి రూపాయి కన్నా కాస్త పెద్దది, బరువు మాత్రం దానికి రెండింతలు. ఒకవైపు గడ్డం ఉన్న మనిషి తల, కుడివైపుకి తిరిగి ఉంది. రెండోవైపు ఒక స్త్రీమూర్తి నిలబడి ఉంది, ఆమెకు అటూ ఇటూ రెండు పెద్ద అక్షరాలు: ఎస్, సి. అంచు చుట్టూ ఒకప్పుడు ఏదో రాసి ఉండేది, ఇప్పుడు అందులో సగం కూడా మిగల్లేదు. ఇలాంటి నాణెం చేతికి రాగానే ఎవరైనా ముందు చేసే పని ఒక్కటే. ఫోన్లో రోమన్ చక్రవర్తుల బొమ్మలు తెరిచి, ముక్కూ గడ్డమూ పోల్చి చూడటం మొదలుపెడతారు. పోలిక కుదిరినట్టే ఉంటుంది. పది నిమిషాలయ్యాక ఇంకో చక్రవర్తితోనూ అంతే బాగా కుదురుతుంది.

హేడ్రియన్ క్రీ.శ. 117లో గద్దెనెక్కి గడ్డం పెంచాక, ఆ తరవాత వందేళ్లకు పైగా రోమ్‌ని ఏలినవాళ్లలో దాదాపు అందరికీ గడ్డమే. పద్దెనిమిది వందల ఏళ్లు చేతులు మారి, మట్టిలో ఉండి వచ్చిన నాణెం మీద ముక్కు ముందుగా అరిగిపోతుంది. కాబట్టి ముఖాన్ని చివరికి వదిలేయండి. లోహం, కొలత, తలమీది అలంకారం, మిగిలిన అక్షరాలు, వెనకవైపు మూర్తి, అడుగున ఉన్న గుర్తులు: ఈ వరసలో వెళ్తే ముఖం పూర్తిగా చెరిగిపోయిన నాణేనికి కూడా పేరు చెప్పొచ్చు. ఒక్కోసారి అది ఏ ఊళ్లో, ఏ కార్ఖానాలో తయారైందో కూడా చెప్పొచ్చు.

అసలు ఇది ఎందుకు ఇంత చిక్కుగా ఉంటుందో ముందే చెప్పేస్తాను. అరుగుదల ఒక కారణమే, కానీ పెద్ద కారణం వేరే ఉంది. రోమన్ పాలకులు కావాలనే ఒకరి పేరు ఒకరు పెట్టుకున్నారు, ఒకరి పోలికలు ఒకరు తెచ్చుకున్నారు. మనకు కలిగే తికమకలో చాలా భాగం ఆనాటి రాజకీయం తలపెట్టిందే.

కంచు అంటాం గానీ

సేకరించేవాళ్లు అన్నిటినీ కలిపి కంచు నాణేలు అనేస్తారు. మొదటి మూడు వందల ఏళ్లలోవి చాలావరకు కంచువి కావు. క్రీ.పూ. 23 ప్రాంతంలో అగస్టస్ నాణేల వ్యవస్థను తిరగరాసినప్పుడు పెద్ద విలువలకు ఇత్తడినీ, చిన్న విలువలకు రాగినీ ఎంచుకున్నాడు. ఒక వెండి దినారియస్‌కు నాలుగు సెస్టెర్షియస్‌లు. ఒక సెస్టెర్షియస్‌కు రెండు డుపోండియస్‌లు, ఒక డుపోండియస్‌కు రెండు ఆస్‌లు. అంటే వెండి దినారియస్ మారిస్తే పదహారు ఆస్‌లు చేతికొస్తాయి. సెస్టెర్షియస్, డుపోండియస్ ఇత్తడివి, ఆస్ రాగిది.

సెస్టెర్షియస్‌ను గుర్తుపట్టడం తేలిక. అడ్డంగా 32 నుంచి 35 మిల్లీమీటర్లు, బరువు దాదాపు 25 గ్రాములు, అంటే రెండు తులాలకు పైమాటే. చిక్కంతా డుపోండియస్, ఆస్‌ల మధ్య వస్తుంది. రెండూ 26, 28 మిల్లీమీటర్ల మధ్యే ఉంటాయి. బరువు తేడా ఒకటి రెండు గ్రాములు, అరిగిన నాణెంలో ఆ తేడా నిలవదు. కొత్తగా టంకశాల నుంచి వచ్చిన రోజున ఒకటి పచ్చగా బంగారంలా, ఇంకోటి ఎర్రగా మెరిసేవి కాబట్టి బజార్లో ఎవరికీ అనుమానం వచ్చేది కాదు. మట్టిలో పడి కిలుం పట్టాక రెండూ ఒకే పాచి రంగు.

అయితే ఒక ఉపకారం జరిగింది. నీరో కాలం నుంచి, క్రీ.శ. 64 ప్రాంతంలో, డుపోండియస్ మీద చక్రవర్తి తలకు సూర్యకిరణాల్లా పొడుచుకొచ్చిన ములుకుల కిరీటం పెట్టడం వాడుకలోకి వచ్చింది. ఆస్ మీద మామూలు లారెల్ ఆకుల దండే. కాబట్టి నడిమి కొలత నాణెంలో ముఖం పోయినా, నడినెత్తి మీద ములుకులు రెండు మిగిలితే చాలు, విలువ తేలిపోతుంది. రాణుల నాణేలకు మాత్రం ఈ వసతి లేదు. ఫౌస్టీనా తలమీద కిరణాల కిరీటం ఉండదు కాబట్టి, ఆమె నడిమి కొలత నాణెం ఇత్తడిదో రాగిదో తేలకపోతే రెండు పేర్లూ కలిపి రాసుకోవడమే నిజాయితీ.

ఇక్కడ మనవాళ్లకు ఒక మాట గట్టిగా చెప్పాలి. రాగి చెంబు, ఇత్తడి బిందె చేతికి రాగానే చింతపండు గుర్తొచ్చే ఇళ్లలో పెరిగాం. లోహం ఎర్రదో పచ్చదో చూద్దామని పాత నాణేన్ని చింతపండుతోనో నిమ్మకాయతోనో తోమకండి. అక్షరాల అంచులు నిలిచి ఉన్నది ఆ కిలుం పొరలోనే. పులుపు తగిలితే కిలుంతో పాటు అక్షరం కూడా పోతుంది, మిగిలిన లోహం నున్నగా, గులాబీ రంగులో, ఏ వివరమూ లేకుండా తేలుతుంది. డిస్టిల్డ్ వాటర్‌లో రోజుల తరబడి నానబెట్టడం, మెత్తటి పుల్లతో మట్టి వదిలించడం, అంతే. ఒక్క కిలుం మాత్రం ప్రమాదం: గోటితో గీకితే పొడిపొడిగా రాలే లేత పాలపచ్చ రంగుది. అది లోహంలో చేరిన క్లోరైడ్ల పని, తేమ తగిలిన కొద్దీ నాణేన్ని తినేస్తుంది. అలాంటిదాన్ని వేరుచేసి పొడిగా ఉంచాలి.

అక్షరాలు చదవడం

బొమ్మవైపు రాత సాధారణంగా గడియారంలో ఏడు గంటల ముల్లు ఉండే చోట మొదలై, తల మీదుగా చుట్టి, అయిదు గంటల చోట ముగుస్తుంది. మాటల మధ్య ఖాళీ ఉండదు. యు అక్షరం లేదు, దాని పనీ వి అక్షరమే చేస్తుంది. అందుకే అగస్టస్ అన్న బిరుదు ఏ, వి, జి అని కనిపిస్తుంది. మిగతావన్నీ పొడి అక్షరాలే. ఐ ఎం పి అంటే ఇంపెరేటర్, సేనాధిపతిగా చక్రవర్తి పెట్టుకునే బిరుదు. పి ఎం అంటే ప్రధాన పూజారి. సి ఓ ఎస్ అంటే కాన్సుల్, రోమ్‌లో ఏటేటా కొత్తవాళ్లకు దక్కే పెద్ద పదవి, పక్కన ఎన్నోసారో అంకె. పి పి అంటే జాతిపిత. టి ఆర్ పి అంటే ప్రజల తరఫు అధికారం, ట్రిబ్యూన్ హోదా.

ఈ చివరిది సేకరించేవాళ్ల పాలిట వరం. చక్రవర్తి దాన్ని ఏటేటా కొత్తగా తీసుకుంటాడు, పక్కన అంకె ఏటా ఒకటి పెరుగుతుంది. మార్కస్ అరేలియస్ నాణెం మీద టి ఆర్ పి పక్కన ఎక్స్, వి, మూడు గీతలు కనిపిస్తే అది 18. ఆ పద్దెనిమిదో ఏడు క్రీ.శ. 163 డిసెంబర్‌లో మొదలై 164 డిసెంబర్‌లో ముగుస్తుంది. నాణెం మీద ఏడాది అచ్చు వేసినట్టే. కాన్సుల్ అంకె ఇంత కచ్చితంగా పనిచేయదు, ఎందుకంటే ఆ పదవిని కొందరు చక్రవర్తులు కొన్నిసార్లే తీసుకుని ఆపేశారు. అదే మార్కస్ 161లో మూడోసారి కాన్సుల్ అయ్యాడు, చనిపోయేదాకా ఆ మూడే. అంకెల్లో ఇంకో విశేషం: ఈ నాణేల మీద నాలుగు అంటే గీతలు నాలుగూ పక్కపక్కనే ఉంటాయి. మనం బళ్లో నేర్చుకున్నట్టు ఐ పక్కన వి పెట్టరు.

వెనకవైపు, అదే బొరుసు వైపు, పెద్దగా కనిపించే ఎస్ సి అంటే "సెనెట్ తీర్మానం మేరకు" అని. వెండి, బంగారు నాణేల మీద ఇది మామూలుగా ఉండదు. కాబట్టి అరిగిన నాణెంలో ఇంకేమీ చదవలేకపోయినా ఎస్ సి కనిపించిందంటే, మూడో శతాబ్దం మధ్యకు ముందు కాలపు ఇత్తడి లేదా రాగి నాణెం అని చాలావరకు తేలిపోతుంది. తూర్పున సిరియాలోని ఆంటియోక్ టంకశాల స్థానిక నాణేల మీద కూడా ఈ రెండక్షరాలు పెద్దగా దండ మధ్యలో ఉంటాయి. రెండో శతాబ్దం నుంచి వాటి బొమ్మవైపు రాత గ్రీకులో ఉంటుంది, అంతకుముందువాటి మీద లాటిన్ ఉన్నా ఆ దండే వాటిని పట్టిస్తుంది.

ఒకే పేరు, ఆరుగురు మనుషులు

ఇప్పుడు అసలు ముడి దగ్గరికి వచ్చాం. క్రీ.శ. 138 నుంచి 222 వరకు, ఎనభై నాలుగేళ్లలో, ఆంటోనినస్ అన్న పేరు నాణేల మీద పెట్టుకున్నవాళ్లు ఆరుగురు: ఆంటోనినస్ పయస్, మార్కస్ అరేలియస్, కమోడస్, కారకల్లా, డయాడుమేనియన్, ఎలాగబలస్. కొడుకులు తండ్రుల పేర్లు పెట్టుకోవడం వరకు అర్థం చేసుకోవచ్చు. కానీ కారకల్లాకు ఆ వంశంతో రక్తసంబంధం ఏమీ లేదు. అతని తండ్రి సెప్టిమియస్ సెవెరస్ సైన్యం అండతో అధికారం పట్టినవాడు. 195లో, మార్కస్ అరేలియస్ చనిపోయిన పదిహేనేళ్లకు, తనను తాను ఆయన కొడుకుగా ప్రకటించుకున్నాడు. ఏడేళ్ల పెద్దకొడుకు పేరు మార్చి మార్కస్ అరేలియస్ ఆంటోనినస్ అని పెట్టాడు. కారకల్లా అన్నది జనం పెట్టిన మారుపేరు, నాణేల మీద ఎక్కడా కనిపించదు. 217లో కారకల్లాను చంపించి గద్దెనెక్కిన మాక్రినస్ కూడా తన చిన్న కొడుకు డయాడుమేనియన్‌కు ఆంటోనినస్ అనే పేరు తగిలించాడు. ఆ పేరు మీద సైనికులకు అంత అభిమానం. మరుసటి ఏడు పద్నాలుగేళ్ల ఎలాగబలస్‌ను కారకల్లా కొడుకని చెప్పి సైన్యం ముందు నిలబెట్టారు. అతనూ ఆంటోనినసే.

మనకు ఇది కొత్త కాదు. శాతవాహన నాణేల మీద ఒక్క "సిరి సాతకణిస" అని చదివితే ఎవరో చెప్పలేం. గోతమిపుతస అని ఉందా, వాసిఠిపుతస అని ఉందా అని తల్లి పేరు వెతకాలి. వేంగీ చాళుక్యుల్లో విష్ణువర్ధనుడని ఉన్న శాసనం దొరికినా అంతే, ఎన్నో విష్ణువర్ధనుడో తేల్చాకే ముందుకు పోగలం. ఆంటోనినస్‌ల విషయంలో తల్లి పేరు లేదు. దాని బదులు మాటల వరస ఉంది.

ఆంటోనినస్ పయస్ నాణేల మీద పేరు తరవాత ముందు అగస్టస్, ఆ తరవాత పయస్ వస్తుంది: ఏ వి జి, పి ఐ వి ఎస్. కారకల్లా, ఎలాగబలస్ నాణేల మీద ఇది తిరగబడుతుంది, పయస్ ముందు, అగస్టస్ వెనక. పయస్ అన్నది మొదటివాడికి సెనెట్ ఇచ్చిన బిరుదు. తరవాతి ఇద్దరికి అది పేరులో భాగంలా కలిసిపోయింది. మార్కస్ చక్రవర్తిగా వేయించిన నాణేల మీద పయస్ అన్న మాటే ఉండదు. బ్రిటన్‌ని గెలిచానన్న బిరుదు (బి ఆర్ ఐ టి), జర్మనులను గెలిచానన్న బిరుదు (జి ఇ ఆర్ ఎం) పయస్ అగస్టస్ పక్కన కనిపిస్తే అది కారకల్లానే. ఎలాగబలస్ రాత చాలావరకు ఐ ఎం పి తో మొదలవుతుంది. అతని చివరి ఏళ్ల నాణేల్లో నుదుటి పైన చిన్న కొమ్ములాంటిది పొడుచుకొచ్చి ఉంటుంది కూడా.

మొదట్లో చెప్పిన నాణెం దగ్గరికి వద్దాం. దాన్ని దీపానికి ఏటవాలుగా పట్టుకుని, భూతద్దంతో అంచు వెంట తిప్పుతూ పోయాను. ఎదురుగా వెలుగు పడితే ఏమీ కనిపించదు. వెలుగు పక్కనుంచి, దాదాపు నాణేనికి సమాంతరంగా రావాలి, అప్పుడు అరిగిన అక్షరం కూడా చిన్న నీడ పడేస్తుంది. తల వెనక ఎడమవైపు, తొమ్మిదికీ పదకొండుకీ మధ్య, ఎన్ ఐ ఎన్ వి ఎస్. పైన ఏ వి జి. తల దాటాక పి, ఐ. ఆ తరవాత చాలా మేర నున్నగా అరిగిపోయింది. కింద కుడివైపు ఓ, ఎస్, పక్కన నాలుగు గీతలు.

అగస్టస్ ముందు, పయస్ వెనక. పయస్ నాణెమే అని రాసేయబోయి ఆగాను. కమోడస్ 183లో పయస్ బిరుదు తీసుకున్నాడు, అతని నాణేల మీద కూడా అగస్టస్ తరవాతే పయస్ వస్తుంది. పైగా అదే ఏడు అతను నాలుగోసారి కాన్సుల్. గడ్డమూ ఉంది. ఇద్దరికీ సరిపోయే ఆధారాలే చేతిలో ఉన్నాయి.

అప్పుడు పనికొచ్చింది అక్షరాలు ఉన్న చోటు. కమోడస్ నాణెం మీద ఆంటోనినస్ కన్నా ముందు ఎం అన్న అక్షరం, కమోడస్ అన్న పూర్తి పేరు రావాలి. ఎడమవైపు భాగమంతా ఆ పేరుకే సరిపోతుంది, నినస్ అన్న ముక్క తల దాటి కుడివైపుకు పోవాలి. నా చేతిలో ఉన్నదాంట్లో అది ఎడమవైపే ఉంది. రాత మొదలయ్యే ఏడు గంటల చోటికీ దానికీ మధ్య నాలుగు అక్షరాలకే జాగా ఉంది: ఏ, ఎన్, టి, ఓ. కాబట్టి ఇది పయస్‌ది. కాన్సుల్ నాలుగు అంటే 145 నుంచి 161లో అతను చనిపోయేలోపు. కనిపించని అక్షరాలు ఎంత చోటు ఆక్రమించాయో లెక్కవేయడం, ఈ పనిలో నాకు అన్నిటికన్నా ఇష్టమైన భాగం అదే.

చేతిలో ఏముందో చూడండి

బొరుసు వైపు మూర్తులను గుర్తుపట్టడం మనవాళ్లకు సులువుగా పట్టుబడాలి. గుడి గోడ మీద శిల్పాన్ని ముఖం చూసి ఎవరూ పోల్చరు. చేతిలో శంఖచక్రాలుంటే విష్ణువు, వీణ ఉంటే సరస్వతి. రోమన్ మూర్తులూ అంతే. ఒక చేత పడవ చుక్కాని, ఒక చేత పండ్లు పొంగే కొమ్ము ఉంటే అదృష్టదేవత ఫోర్చూనా. త్రాసు ఉంటే న్యాయమైన తూకానికి గుర్తయిన ఎక్విటాస్, లేదా టంకశాల దేవత మొనేటా. గోధుమ కంకులు, కాళ్ల దగ్గర గింజలు కొలిచే కుంచం ఉంటే రాజధానికి తిండిగింజలు చేర్చే అన్నోనా. ఒక చేత పువ్వు పట్టుకుని రెండో చేత్తో కుచ్చెళ్లు కాస్త పైకెత్తి నడుస్తుంటే ఆశకు రూపమైన స్పెస్. పాముకు పళ్లెంలో ఆహారం పెడుతుంటే ఆరోగ్యదేవత సాలస్. నా నాణెం మీద అరిగిన స్త్రీమూర్తి ముందు చిన్న బలిపీఠం, దాని మీద మెలికలు తిరిగిన సన్నటి గీత ఉన్నాయి. అది పాము. సాలస్ అన్నమాట.

కొన్ని బొరుసులు ఏ అక్షరమూ లేకుండానే కాలం చెప్పేస్తాయి. తాటిచెట్టులాంటి ఖర్జూరపు చెట్టు కింద తలవంచుకుని కూర్చున్న స్త్రీ కనిపిస్తే అది యూదయా పతనం. 70లో జెరూసలేం పడ్డాక వెస్పాసియన్, అతని కొడుకు టైటస్ వేయించినవి. తలుపులు మూసిన గుడి అయితే నీరో: రాజ్యమంతటా శాంతి నెలకొందని చాటడానికి జానస్ గుడి తలుపులు మూయించిన సందర్భం. జనంతో నిండిన కొలోసియమ్‌ను పైనుంచి చూసినట్టు చూపించే సెస్టెర్షియస్ టైటస్ కాలపుది, 80, 81 నాటిది. అది చాలా అరుదు కాబట్టి నకళ్లూ ఎక్కువే.

ములుకుల కిరీటం మోసం చేసే కాలం

పైన డుపోండియస్‌కు ములుకుల కిరీటం గుర్తు అన్నాను. 215లో కారకల్లా కొత్త వెండి నాణెం తెచ్చి దానికీ అదే కిరీటం పెట్టాడు. మనం ఈరోజు దాన్ని ఆంటోనినియానస్ అంటాం. మొదట అందులో సగం దాకా వెండి ఉండేది. యుద్ధాలు, అంతర్యుద్ధాలు పెరిగిన కొద్దీ వెండి తగ్గుతూ పోయి, 260లలో గాలియెనస్ నాటికి నూటికి అయిదు పాళ్లు కూడా మిగల్లేదు. రాగి బిళ్ల మీద పల్చటి వెండి పూత, అంతే. ఆ పూత పోయాక చూస్తే రాగి నాణెం, తలమీద ములుకులు. కొత్తవాళ్లు దాన్ని డుపోండియస్ అనుకుంటారు. తేల్చడానికి కొలబద్ద చాలు: ఇది 18 నుంచి 22 మిల్లీమీటర్లే ఉంటుంది, అంచు సరిగా గుండ్రంగా ఉండదు, ఎస్ సి ఉండదు.

ఈ కాలంలోనే గాల్ (ఇప్పటి ఫ్రాన్స్, దాని చుట్టుపక్కల నేల), బ్రిటన్ ప్రాంతాల్లో చిల్లర చాలక స్థానికులు సొంతంగా నాణేలు కొట్టుకున్నారు. చనిపోయిన క్లాడియస్ గోథికస్ పేరుమీద, 274 దాకా గాల్‌ని ఏలిన టెట్రికస్ పేరుమీద ఇవి లెక్కలేనన్ని వచ్చాయి. చిన్నపిల్లల గీతల్లాంటి ముఖాలు, అక్షరాల బదులు ఒట్టి గీతలు. వాటిని చదవాలని కూర్చుంటే సాయంత్రాలు గడిచిపోతాయి, రాసినవాడికే అక్షరాలు వచ్చి ఉండకపోవచ్చు. ఇవి మోసగాళ్ల నాణేలని చాలామంది తీసిపారేస్తారు. నాకు అలా అనిపించదు. కేంద్రం నుంచి డబ్బు రాని చోట సంత ఆగకుండా చూసుకున్న మనుషుల పని ఇది.

గీత కింద జాగా

294 ప్రాంతంలో డయోక్లీషియన్ మళ్లీ అంతా కొత్తగా మొదలుపెట్టాడు. పది గ్రాముల పెద్ద నాణెం వచ్చింది, దాన్ని ఫాలిస్ అనడం అలవాటు. బొరుసున రోమన్ ప్రజల రక్షకదేవత జీనియస్, చేతిలో పళ్లెం, పండ్ల కొమ్ము. మరో ఇరవై ఏళ్లలోనే అది చిక్కిపోయింది. నాలుగో శతాబ్దపు నాణేలు ఎంత చిన్నవైపోయాయంటే, వాటి అసలు పేర్లు నిర్ధారణగా తెలియక పండితులు కొలతతోనే పిలుస్తారు. 25 మిల్లీమీటర్లకు పైనుంటే ఏ ఇ ఒకటి (ఏ ఇ అంటే లాటిన్‌లో రాగి, కంచులకు వాడే ఏస్ అన్న మాటకు పొడి అక్షరాలు), 21 నుంచి 25 దాకా రెండు, 17 నుంచి 21 దాకా మూడు, అంతకన్నా చిన్నవి నాలుగు.

ఈ కాలపు నాణేలు చౌకగా, పెద్ద సంఖ్యలో దొరుకుతాయి. విదేశాల్లో ఉన్న మనవాళ్లలో ఎవరైనా ఈ సరదా మొదలుపెడితే తొంభై పాళ్లు వీటితోనే. వీటిలో కొత్తగా వచ్చిన వసతి బొరుసు వైపు అడుగున గీత కింది జాగా. అక్కడ టంకశాల పేరు ఉంటుంది. పి టి ఆర్ అయితే జర్మనీలోని ట్రియర్. ఎస్ ఐ ఎస్ అయితే క్రొయేషియాలోని సిస్కియా. ఎస్ ఎం ఏ ఎన్ అయితే ఆంటియోక్. ఊరి పేరుకు ముందో వెనకో ఒక అక్షరం ఆ టంకశాలలోని ఏ కార్ఖానాలో కొట్టారో చెబుతుంది. పడమట లాటిన్‌లో పి, ఎస్, టి, క్యూ అంటే ఒకటి, రెండు, మూడు, నాలుగు. తూర్పున గ్రీకు ఆల్ఫా, బీటా, గామా.

ఇక్కడ నన్ను చాలాకాలం తిప్పలు పెట్టిన గుర్తు ఒకటుంది. సి ఓ ఎన్ ఎస్ అని చూడగానే కాన్‌స్టాంటినోపుల్ అనుకుంటాం. 328లో ఫ్రాన్స్‌లోని ఆర్ల్ పట్నానికి కాన్‌స్టాంటీనా అని పేరు మార్చారు, అక్కడి నాణేల మీదా అవే అక్షరాలు. ముందు పి గానీ ఎస్ గానీ ఉండి, చివర టి కూడా ఉంటే ఆర్ల్. వెనక గ్రీకు అక్షరం ఉంటే కాన్‌స్టాంటినోపుల్. రెండు ఊళ్ల మధ్య ఐరోపా ఖండమంత దూరం, నాణెం మీద తేడా ఒక అక్షరం.

పేర్ల అరువు ఈ కాలంలో ఇంకా ముదిరింది. కాన్‌స్టాంటైన్ చక్రవర్తి తన కొడుకుల్లో ముగ్గురికి కాన్‌స్టాంటైన్, కాన్‌స్టాంటియస్, కాన్‌స్టాన్స్ అని పెట్టాడు. అతని సొంత తండ్రి పేరు కూడా కాన్‌స్టాంటియస్. ఎడమవైపు మొదటి ఏడు అక్షరాలు మాత్రమే మిగిలితే వీళ్లలో ఎవరైనా కావచ్చు. ఇలాంటప్పుడు చూడాల్సింది కుడివైపు. చివర ఏ వి జి అంటే చక్రవర్తి, ఎన్ ఓ బి సి అంటే ఇంకా యువరాజు, సీజర్. తలమీద చూస్తే ముత్యాలో పువ్వులో పొదిగిన పట్టీ చక్రవర్తికి, ఆకుల దండ యువరాజుకి. 337లో తండ్రి పోయాక కొడుకులు ముగ్గురూ పట్టీ కట్టారు.

మన నేలమీద

ఏటా ఐదు కోట్ల సెస్టెర్షియస్‌లు ఇండియాకు పోతున్నాయని మొదటి శతాబ్దంలో రోమన్ రచయిత ప్లినీ వాపోయాడు. లెక్క సెస్టెర్షియస్‌లలో రాశాడే గానీ, ఆ ఇత్తడి బిళ్లలు ఓడెక్కి రాలేదు. వచ్చినవి వెండీ బంగారమూ. నల్లగొండ జిల్లా అక్కెనపల్లిలో దొరికిన రాశిలో పదిహేను వందలకు పైగా వెండి దినారియస్‌లు. గుంటూరు సీమ వినుకొండలో బంగారు నాణేలు. కొండాపూర్ తవ్వకాల్లో టైబీరియస్ నాణేన్ని అనుకరించిన మట్టి బిళ్లలు బయటపడ్డాయి, మెడలో వేసుకోవడానికి చేసుకున్నవి కావచ్చు. నాగార్జునకొండ ఇక్ష్వాకుల శాసనంలో దానం లెక్క "దీనారి" మాషకాల్లో ఉంది. దినారియస్ అన్న మాట మన భాషలో దీనారమై స్థిరపడిపోయింది. ఇత్తడి, రాగి నాణేలకు రోమ్‌లో ఉన్న విలువ రాజముద్ర వల్ల వచ్చినది, సముద్రం దాటితే వాటి ధర లోహం ధరే. వర్తకుడు వాటిని ఎందుకు మోస్తాడు?

నాలుగు, అయిదు శతాబ్దాల చిన్న రాగి నాణేలు మాత్రం తమిళనాడులో కరూరు, మదురై పరిసరాల్లో, ఇంకా ఎక్కువగా శ్రీలంకలో దొరికాయి. అక్కడ అవి చిల్లరగా చేతులు మారాయి, చాలక అక్కడివాళ్లు అలాంటివి సొంతంగా కూడా చేసుకున్నారు. కాబట్టి మన ఊళ్లో ఎవరైనా పెద్ద నీరో సెస్టెర్షియస్ తెచ్చి "పొలంలో దొరికింది" అంటే జాగ్రత్త పడాలి. అంచు చుట్టూ సన్నటి అతుకు గీత, ఉపరితలం మీద సూదిమొన అంత బుడగలు ఉంటే అది పోత పోసింది. అసలువి సుత్తితో అచ్చు మీద కొట్టినవి, వాటికి అతుకు ఉండదు. పదహారో శతాబ్దంలోనే ఇటలీలోని పాదువాలో జొవాన్నీ కవీనో అనే శిల్పి సెస్టెర్షియస్‌లను ఎంత అందంగా మళ్లీ చేశాడంటే, ఇప్పుడు వాటికీ సేకర్తలున్నారు. అసలుకన్నా గుండ్రంగా, సాపుగా, ప్రతి అక్షరమూ నిండుగా ఉండటమే వాటిని పట్టిస్తుంది. నిజంగానే నేలలో పాత నాణేలు దొరికితే, 1878 నాటి ట్రెజర్ ట్రోవ్ చట్టం ప్రకారం పది రూపాయలకు మించిన విలువ ఉన్నవాటిని కలెక్టరుకు తెలియజేయాలి.

చదవగలిగినన్ని అక్షరాలు చేతికొచ్చాక కెటలాగు చూడాలి. ఈ నాణేలన్నిటికీ వరస నంబర్లు ఇచ్చిన పెద్ద సంపుటాల్లో మొదటిది 1923లో వచ్చింది. ఇప్పుడు ఆ నంబర్లన్నీ అమెరికన్ న్యూమిస్మాటిక్ సొసైటీ ఉచితంగా నెట్‌లో పెట్టింది. చదివిన ముక్కను, చక్రవర్తి పేరును ఇస్తే సరిపోయే నాణేలు బొమ్మలతో సహా వస్తాయి. ముఖం పోల్చి చూడటం అప్పుడు చేయండి, సరిచూసుకోవడానికి.

నా దగ్గర ఇంకో చిన్న నాణెం ఉంది. 17 మిల్లీమీటర్లు, రెండున్నర గ్రాములు. ముఖం ఉండాల్సిన చోట గుంట తప్ప ఏమీ లేదు, నుదుటి పైన ఆకుల దండ అంచు మాత్రం తెలుస్తోంది. కుడివైపు వి ఎన్, ఆ తరవాత ఎన్ ఓ బి సి. బొరుసున ఇద్దరు సైనికులు ఎదురెదురుగా, మధ్యలో రెండు జెండా కర్రలు. ఈ బొమ్మ 330 నుంచి 335 దాకా వచ్చింది, తరవాత జెండా ఒక్కటైంది. వి ఎన్ అంటే "ఐ వి ఎన్", అంటే జూనియర్, చిన్నవాడు. ఆ ఏళ్లలో ఆ మాట పెట్టుకున్న యువరాజు ఒక్కడే. అంతకుముందు కాన్‌స్టాంటైన్‌కు పోటీ చక్రవర్తి అయిన లిసీనియస్ కొడుక్కి ఆ బిరుదు ఉండేది గానీ, 324లో తండ్రి ఓడిపోవడంతో అతని నాణేలు ఆగిపోయాయి. గీత కింద ఎస్ ఎం టి ఎస్, చివర గ్రీకు గామా. కాగితం కవరు మీద పెన్సిల్‌తో ఇలా రాసి, రెండు నాణేలనూ పెట్టెలో పక్కపక్కన పెట్టాను:

"ఆంటోనినస్ పయస్, సెస్టెర్షియస్, రోమ్, 145–161, బొరుసు సాలస్."

"రెండో కాన్‌స్టాంటైన్, యువరాజుగా. ఏ ఇ మూడు. థెస్సలొనికా, మూడో కార్ఖానా, 330–335. ముఖం లేదు."